దూది కొట్లో కట్టిన గొంతు

కీబోర్డు కొనుక్కున్న పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. చర్చిలో వాయించేవాళ్ళు, భజన సమాజాల వాళ్ళు, పెళ్ళి ఆర్కెస్ట్రాల వాళ్ళు. కూర్చోగానే అడిగేది ఒకటే: ఏ టోన్ పెట్టుకుంటే బాగుంటుంది ఆంటీ అని. పప్పులో ఉప్పు ఎంత వెయ్యాలో ఫోన్లో చెప్పమన్నట్టు ఉంటుంది నాకు. ఎవరి పప్పు, ఎంత పప్పు, తినేదెవరు?

అందుకని ఒకే ఒక్క టోన్ సంగతి రాస్తున్నాను. నేను కట్టినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

నేను పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మనిషిని. మా నాన్న దర్శి, కనిగిరి వైపు నాటక సమాజాలకు హార్మోనిస్టు. ఆయన పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాను. నన్ను బడికి పంపలేదు కానీ హార్మోనియం ముట్టుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. నాన్న చేతులు వణకడం మొదలయ్యాక ఆయన చోట్లో నేను కూర్చున్నాను. ఆడమనిషి హార్మోనియం ఏమిటని కొందరు గొణిగారు. శృతి తప్పకపోతే గొణుగుడు ఎక్కువ రోజులు నడవదు. మిరప సీజన్లో కల్లాల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి పోయేదాన్ని, నాటకం ఉన్న రోజు పెట్టె ముందు కూర్చునేదాన్ని.

ఒక ఏడు మా సమాజం మేనేజరు గుంటూరులో మూతబడిన ఆర్కెస్ట్రా దగ్గర ఒక పాత సింథసైజరు కొనుక్కొచ్చాడు. మీ కీబోర్డుల్లాగా ఒక మీట నొక్కితే వేణువు, ఇంకోటి నొక్కితే వీణ పలికేది కాదు. దాని మొహం నిండా గుండ్రటి నాబులు. ఏ శబ్దం కావాలన్నా వాటిని తిప్పి మనమే కట్టుకోవాలి. వాటి కింద ఏదో ఇంగ్లీషులో రాసి ఉండేది. నాకప్పటికి తెలుగు అక్షరాలే రావు. యాభై దాటాక మా కోడలు పట్టుబట్టి నేర్పింది, ఆ మాట వేరు. గోళ్ళరంగుతో ఒక్కో నాబ్ మీద ఒక్కో రంగు చుక్క పెట్టుకుని నా పేర్లు నేను పెట్టుకున్నాను.

మీరు ఫిల్టర్ అనేదాన్ని నేను ముసుగు అనేదాన్ని. మూస్తే శబ్దంలో పదును పోయి దుప్పటి కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది. తెరిచేకొద్దీ ఒక్కొక్క పొరే బయటపడి, మరీ తెరిస్తే ఇత్తడి పళ్ళెం మీద గరిటె గీసినట్టు అవుతుంది. మీరు ఎన్వలప్ అనేది నాకు నాలుగు నాబులు: లేపు, జారు, నిలుపు, విడుపు. వేలు వాయించే మెట్టు మీద పడగానే శబ్దం ఎంత వేగంగా లేవాలి, లేచాక ఎంతలో జారాలి, వేలు ఉన్నంతసేపూ ఏ ఎత్తులో నిలవాలి, వేలు తీశాక ఎంతసేపటికి అణగాలి. మిరపకాయల మధ్య బతికినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తేజ కాయ కొరకగానే కొడుతుంది. కొన్ని రకాలు తినేటప్పుడు ఏమీ అనవు, మజ్జిగ తాగాక మొదలుపెడతాయి, చెయ్యి కడుక్కున్నా వదలవు.

మొదట్లో నా శబ్దాలన్నీ ఘోరంగా ఉండేవి. మా తబలా వాయించే అతను నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. "ఏందక్కా ఇది, పాడతందా, పిండిమర తిరగతందా?" అనేవాడు.

అసలు కష్టం ఎక్కడుందో చాలా రోజులకు తెలిసింది. హార్మోనియానికి ఊపిరి మన ఎడమచెయ్యి ఇస్తుంది. కుడిచెయ్యి మెట్ల మీద ఉంటే ఎడమచెయ్యి గాలి కొడుతుంది. పాడేవాడి గొంతు ఎక్కడ నీరసిస్తే అక్కడ ఎడమచెయ్యి తనంతట తానే బరువు తగ్గిస్తుంది. కరెంటు పెట్టెకు ఊపిరి లేదు. అది అలిసిపోదు. కాబట్టి నా ఎడమచేతిని నాబుల మీదికి పంపించి, అక్కడ ఊపిరి పోయడం నేర్చుకోవాల్సి వచ్చింది. అదొచ్చాక తబలా అతని నోరు కొంచెం తగ్గింది.

ఇంక ఆ టోన్ దగ్గరికి వస్తాను.

మా సమాజంలో రాజు వేషం కట్టేది ఒక దూదేకులాయన. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. దర్శిలో ఆయనకు పరుపుల కొట్టు ఉండేది. చిన్నప్పటి నుంచీ దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన మనిషి. నాటకం రోజున కిరీటం పెడితే మాత్రం ఆ మనిషి కాదు. రాజ్యం పోయి, తప్పిపోయిన కొడుకును అడవిలో వెతుక్కుంటూ తిరిగే రాజు కథ అది. చివర్లో కొడుకు దొరకడని తెలిసి రాజు పాడే పద్యం ఒకటి ఉంది. మీలో నాటకాలు చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను: పద్యం మాటలతో అయిపోదు. ఆఖరి మాటను పట్టుకుని నటుడు రాగం తీస్తాడు. ఆ రాగం కోసమే జనం వస్తారు. నచ్చితే వన్స్ మోర్ అంటారు. అంటే నాటకం అక్కడ ఆగిపోవాలి, ఆ పద్యం మళ్ళీ మొదటి నుంచి రావాలి. పాడనంటే జనాన్ని కాదన్నట్టు. బాబాయ్ తన జన్మలో వన్స్ మోర్ కాదనలేదు. ఒకే పద్యం మూడుసార్లు పాడిన రోజులు నాకు తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం నేను కల్లంలో ఉండగా ఆయన భార్య వెతుక్కుంటూ వచ్చింది. పిన్ని ఎప్పుడూ అటు రాదు. మిరప ఘాటుకి దగ్గుతూ, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. ఆయనకు కొన్నాళ్ళుగా ఆయాసంగా ఉంటోందని, ఒంగోలు తీసుకెళ్ళామని చెప్పింది. ఇన్నేళ్ళ దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు ఫోటో తీసి చూపించాడట.

"పాడొద్దన్నాడా పిన్నీ?" అని అడిగాను.

"మెట్లెక్కొద్దన్నాడు. రాగం సంగతి ఆ డాక్టరుకేం తెలుసు? తెలిసుంటే కాళ్ళు కట్టేసి మంచాన పడేసేవాడు."

అసలు సంగతి అది కాదు. ఊళ్ళో వాళ్ళంతా కలిసి బాబాయ్‌కి సన్మానం పెట్టారు. సన్మానం అయ్యాక అదే వేదిక మీద ఆయన నాటకం. ఆయన ఒప్పేసుకున్నాడు. "నువ్వు చెబితే వింటాడేమో చూడమ్మా" అని పిన్ని నా చెయ్యి పట్టుకుంది. నా చేతికి మిరప కారం ఉంది, కళ్ళు తుడుచుకోవద్దని చెప్పి పంపించాను.

సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే కనిపెట్టేశాడు.

"మీ పిన్ని వచ్చిందా? మానుకోమని చెప్పమాక. శృతి దించమని అసలే చెప్పమాక. మొదటి సా దగ్గరే జనం పట్టేస్తారు."

"మరేం చేద్దాం బాబాయ్?"

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య అంత ఖాళీ రావడం నేను అదే మొదటిసారి చూడటం. అప్పుడు అన్నాడు: "నా ఊపిరి తెగిన చోట నీ పెట్టె పట్టుకోవాల. నా గొంతు లాగే ఉండాల, కానీ నా మీదెక్కి పాడకూడదు. కింద ఉండాల. చేస్తావా?"

చేస్తానన్నాను. ఆయన పాడకుండా ఉండడు, అది ఖాయం. పాడితే రాగం దగ్గర ఏమవుతుందో తలుచుకుంటేనే భయం వేసింది. నా పెట్టె సగం బరువు మోస్తే ఆయన గండం గడుస్తుందనుకున్నాను. పిన్నికి కూడా అదే చెప్పాను. ఆమె నమ్మినట్టు తల ఊపింది.

సన్మానం దాకా రోజూ మధ్యాహ్నం ఆ కొట్లోనే కూర్చున్నాం. నేను, బాబాయ్, తబలా అతను. మూడు పక్కలా కప్పు దాకా దూది బస్తాలు, నాలుగో పక్క కుట్టిన పరుపులు. ఆయన ఒక స్వరం పట్టుకునేవాడు, నేను దాని పక్కన నా శబ్దం పెట్టేదాన్ని. మనిషి గొంతు ఒక్కసారిగా లేవదు. కాబట్టి లేపు కొంచెం నెమ్మది చేశాను. నిలుపు ఆయన గొంతు ఎత్తుకు ఒక పిసరు తక్కువలో పెట్టాను. విడుపు పొడుగు చేశాను, ఆయన ఆగినా రాగం గాల్లో ఉన్నట్టే అనిపించాలి గదా. ముసుగు దగ్గర మాత్రం తేలలేదు. ఎంత తెరిచినా శబ్దం మొద్దుగానే ఉంది. ఆయన గొంతులో ఉండే జీర, ఆ గరుకు, రావడం లేదు. ఇంకొంచెం తెరిచాను. మళ్ళీ ఇంకొంచెం. తబలా అతను కూడా, ఈ మధ్య తబలా మూలుగుతోందని తిట్టుకుంటూ గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు.

ఒక రోజు కుదిరింది. బాబాయ్ రాగం మధ్యలో ఆగాడు, నాకు ఆగినట్టు తెలియలేదు. చూస్తే నోరు మూసుకుని ఉన్నాడు, కళ్ళల్లో నవ్వు. అక్కడే పరుపుకు కుట్లు వేస్తున్న పిన్ని తలెత్తి చూసి, ఎవరు పాడుతున్నారని అడిగింది. ఆమె అలా అడగడం నాకు గొప్పగా అనిపించాల్సింది. నేను మెట్ల మీది నుంచి చేతులు తీసేశాను.

తబలా అతను ఆ పూట వెళుతూ వెళుతూ ఆ నాలుగు నాబుల కింద రాసి ఉన్న మాటలూ చదివి చెప్పాడు. లేపును ఇంగ్లీషులో ఎటాక్ అంటారట. "గుండెకొచ్చేది కూడా అదే గదక్కా" అన్నాడు. మామూలుగా వాడి హాస్యానికి నేను ఏదో ఒకటి అంటిస్తాను. ఆ రోజు నాబుల మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చేశాను.

సన్మానం రోజు వచ్చింది. ఒకప్పుడు నాటకాలు తెల్లవార్లూ ఆడేవాళ్ళం, ఇప్పుడు సాయంత్రం మొదలై భోజనాల వేళకు అయిపోవాలి. పెద్ద ఫంక్షన్ హాలు, పైన ఇనుప రేకులు. ముందుగా వెళ్ళి మైకులతో ఒకసారి వాయించి చూసుకోవాలని నా ఆలోచన. వేదిక దొరికితే గదా. శాలువా కప్పినవాళ్ళు ప్రతి ఒక్కరూ మాట్లాడారు. కప్పనివాళ్ళు కూడా మాట్లాడారు. బాబాయ్ కిరీటం లేని రాజు వేషంలో ఆ శాలువాల కింద కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. ఉపన్యాసాలు అయ్యేసరికి జనం ఈలలు వేస్తున్నారు. పెట్టె తెచ్చి, తీగ తగిలించి, నేరుగా మొదలుపెట్టాం.

మొదటి దెబ్బకే తెలిసిపోయింది. తబలా మీద అతని చెయ్యి పడితే తాటాకు టపాకాయ పేలినట్టు పేలింది. అతను నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ కొట్లో మూడు పక్కలా ఉన్న దూది మా శబ్దాల్లో పదునంతా తాగేసింది. అది తాగేసేకొద్దీ నేను ముసుగు తెరుస్తూ పోయాను. ఇక్కడ దూది లేదు. రేకులు ఉన్నాయి, పెద్ద పెద్ద స్పీకర్లు ఉన్నాయి. నా పెట్టెలో ఉన్న ఆ గొంతు బయటికి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆఖరి పద్యం దాకా నేను ఆ టోన్ జోలికి పోలేదు. పక్కన పెట్టుకున్న మామూలు హార్మోనియంతోనే నెట్టుకొచ్చాను. ముసుగు ఎంత మూయాలో మనసులో లెక్కలు కట్టుకుంటూనే ఉన్నాను. కట్టుకున్న లెక్క ప్రతిసారీ మారిపోతోంది. మరీ మూస్తే అది ఆయన గొంతులా ఉండదు, ఆయన తెగిన చోట జనానికి దొరికిపోతాం. మూయకపోతే పెట్టె అరుస్తుంది, అప్పుడూ దొరికిపోతాం. ముందు వరసలో ఆడవాళ్ళ వైపు పిన్ని కూర్చుని ఉంది. ఆమె వేదిక వైపు చూడటం లేదు, నా ఎడమచేతి వైపు చూస్తోంది.

పద్యం మొదలైంది. మాటలు బాగానే నడిచాయి. ఆఖరి మాట పట్టుకుని ఆయన రాగంలోకి ఎక్కాడు. నేను కరెంటు పెట్టె మీదికి మారి, ముసుగు ఒక పిసరు మాత్రమే మూసి కింద చేరాను.

దొరికిపోలేదు. అంతకంటే పెద్ద ప్రమాదం జరిగింది. రేకుల కింద నా శబ్దమూ ఆయన గొంతూ కలిసి ఒకటైపోయాయి. నేను పొడుగు చేసిన విడుపుకు రేకుల మోత తోడైంది. హాల్లో వాళ్ళు విన్నది ఇరవై ఏళ్ళ కిందటి బాబాయ్ గొంతు. ఆయన ఆగిన చోట్ల కూడా అది ఆగలేదు. రాగం పైకి పోయి, అక్కడ నిలబడి, నిలబడే ఉంది. నేను వేళ్ళు తీశాక కూడా కొంతసేపు ఉంది. అప్పుడు హాలంతా లేచింది.

వన్స్ మోర్.

ఒకరిద్దరు కాదు. వెనక నుంచి మొదలై ముందుకు వచ్చింది. నేను బాబాయ్‌ని చూశాను. రంగు కింద ఆయన పెదవులు నల్లబడ్డాయి. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. ఆయన నవ్వుతున్నాడు. ఎడమచెయ్యి ఎత్తి నాకు సైగ చేశాడు. మొదలుపెట్టమని.

పిల్లలూ, అప్పుడు నాకు తెలిసింది మీకు చెబుదామనే ఇదంతా రాశాను. నా శబ్దం ఆయన బరువు మోస్తుందనుకున్నాను. మొయ్యలేదు. కింద తోడు ఉంది కదా అని ఆయన ఇంకా పైకి ఎక్కాడు. పెట్టె ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడాలని చూశాడు. పెట్టెకు అలుపు లేదని చెప్పాను కదా. అలుపు లేనిదానితో పోటీ పెట్టి ఆయన్ని నేనే ముందుకు తోశాను. ఇంకోసారి అదే శబ్దం ఇస్తే ఆయన ఇంకోసారి అలాగే ఎక్కుతాడు. ఇవ్వకపోతే, ఇంతకు ముందు విన్నది ఏమిటని అంతమందిలో ఒక్కడికైనా అనుమానం వస్తుంది. శాలువాలు కప్పించుకున్న రోజునే.

పద్యం మళ్ళీ మొదలైంది. నాకున్న వ్యవధి ఆ పద్యం మాటలు అయ్యేదాకా.

మొదటి పాదంలో నేనేమీ చేయలేదు. వేళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. రెండో పాదంలో నా చెయ్యి ముసుగు మీదికి పోయింది. తిప్పానంటే తిప్పినట్టు ఎవరికీ తెలియనంత నెమ్మదిగా మూయడం మొదలుపెట్టాను. నెత్తి మీది నీళ్ళ బిందె ఒలక్కుండా దించినట్టు. తర్వాత నిలుపు తగ్గించాను. విడుపు దగ్గరికి వచ్చేసరికి చేతికి చెమట, నాబ్ జారిపోయింది. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాను. శబ్దం ఆయన కింద నుంచి కొంచెం కొంచెంగా తగ్గుతోంది. నా జీవితమంతా నేను పాడేవాడి వెనక నడిచాను. ఆ రోజు మొదటిసారి ఆయన్ని నా వెనక నడిపించాను.

ఆయనకు తెలిసింది. మూడో పాదం మధ్యలో నా వైపు తిరిగాడు. రాజు కళ్ళు కావు అవి. ఏం చేస్తున్నావు అని అడుగుతున్నాయి. తబలా అతను కూడా చూశాడు. ఏమనుకున్నాడో, మెల్లగా చేతులు తేలిక చేశాడు. ఆఖరి మాట వచ్చింది. రాగానికి ఎక్కాల్సిన చోట బాబాయ్ నోరు తెరిచాడు. కింద ఆనుకోవడానికి ఏమీ లేదు. ఆ మాటను మామూలు గొంతుతో, దాదాపు మాట్లాడినట్టు చెప్పి, ఊరుకున్నాడు.

తబలా అతను ఎప్పుడూ పద్యం చివర బిగించి కొట్టే ముగింపు కొట్టలేదు. హాల్లో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. తర్వాత చప్పట్లు వచ్చాయి, మర్యాదకు కొట్టేవి. అలిసిపోయాడు పాపం అని వెనక ఎవరో అనడం నాకు వినిపించింది. ఆయనకూ వినిపించి ఉంటుంది. తన కాళ్ళ మీద తాను నడిచి తెర వెనక్కి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి పిన్ని ఆయన నోటి దగ్గర పీల్చే మందు పట్టుకుని ఉంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా అలికిడికి తెరవలేదు.

చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆ వీధిలో పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోయేదాన్ని. ఆయన్ని నిలబెట్టానా, అందరి ముందూ కూలదోశానా అన్నది పగలంతా నాలో నేను వాదించుకునేదాన్ని. చివరికి తబలా అతను వచ్చి, నిన్ను రమ్మంటున్నాడక్కా, కోపంగానే ఉన్నాడు, చూసుకుని పో అన్నాడు.

వెళ్ళాను. దూది పని మానేశాడు. పరుపుల మీద కూర్చుని ఉన్నాడు. పిన్ని కుడుతోంది.

"కోపమా బాబాయ్?" అన్నాను.

"కోపమే. లేదంటే నువ్వు నమ్ముతావా?"

పిన్ని దారం తెంపుతూ అంది: "ఆ కోపంతోనే గదమ్మా ఊపిరి పీలుస్తున్నాడు. ఉండనియ్యి."

ఆయన ఇంకా నాలుగేళ్ళు ఉన్నాడు. వేషం మళ్ళీ కట్టలేదు. ఆ రోజు హాల్లో మొదటిసారి పాడింది ఎవరో ఫోన్లో పట్టుకున్నారు. అది ఊళ్ళన్నీ తిరిగింది. రెండోసారిది ఎవరూ దాచుకోలేదు. కొట్టుకు వచ్చినవాళ్ళు ఆయన్ని సంతోషపెడదామని ఫోన్ తీసి అదే వినిపించేవాళ్ళు. నేనున్నప్పుడు కూడా ఒకసారి ఎవరో కనిగిరి నుంచి వచ్చి పెట్టారు. బాబాయ్ చెవి దగ్గర పెట్టుకుని పద్యం మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు. ఆఖరి మాట అయి, రాగం మొదలవుతుండగా ఫోన్ ఆ వచ్చినాయన చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"ఇక్కడిదాకా నేనే బాబూ. ఇంక ఆపెయ్."